ముందు ప్రతిజ్ఞ, తర్వాతే వ్యాసం

పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్ళ వ్యాసాలు దిద్దేటప్పుడు నేను మొదట చివరి పేరా చదువుతాను. విషయం సెల్‌ఫోను కావచ్చు, కృత్రిమ మేధ కావచ్చు, ఉచిత పథకాలు కావచ్చు. చాలా కాగితాల్లో చివరన కనిపించేది ఒకే వాక్యం: "కత్తికి రెండు వైపులా పదునున్నట్టే ఇందులోనూ మంచీ ఉంది, చెడూ ఉంది. మంచిని తీసుకుని చెడును వదిలేయాలి."

ఒకసారి ఒకమ్మాయి అలాంటి వ్యాసమే తెచ్చింది. దస్తూరి ముత్యాల్లా ఉంది. వివరాలకు లోటు లేదు. అంతా చదివి, "ఇంతకీ నువ్వేమంటావమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నా అభిప్రాయం రాస్తే మార్కులు పోతాయేమో అని రాయలేదు సార్" అంది.

ఈ అధ్యాయం ఆ భయం కోసమే రాస్తున్నాను. అభిప్రాయ వ్యాసంలో అభిప్రాయం దాచుకోవడం వినయం అనిపించుకోదు, రాయాల్సిన పని మానేయడం అవుతుంది. మీరు ఏ పక్షాన నిలబడ్డారన్నది కాదు, ఆ పక్షాన్ని ఎంత న్యాయంగా, ఎంత గట్టిగా నిలబెట్టారన్నదే చదివేవాళ్ళు చూస్తారు. అలా నిలబెట్టాలంటే వ్యాసమంతటికీ ఆధారమైన వాక్యం ఒకటి ముందు దొరకాలి. ఇంగ్లిషు పుస్తకాలు దాన్ని థీసిస్ స్టేట్‌మెంట్ అంటాయి. మనకు అంతకంటే పాతదీ, అంతకంటే బరువైనదీ ఒక మాట ఉంది.

మన తర్కం పెట్టిన పేరు

గౌతముడి న్యాయశాస్త్రం ఒక వాదానికి ఐదు అవయవాలు చెప్పింది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంతో తర్కం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థికీ ఈ ఐదూ ఒక కొండ కథతో గుర్తుంటాయి. ఆ కొండ మీద నిప్పుంది. ఇది ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ కనిపిస్తోంది. ఇది హేతువు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూస్తూనే ఉన్నాం కదా. ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. ఇది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పుంది. ఇది నిగమనం.

మొదటి వాక్యం, చివరి వాక్యం చూడండి. మాటలు దాదాపు అవే. కానీ మొదటిది మనం నిరూపిస్తామని పూనుకున్న మాట, చివరిది నిరూపించి చేతిలో పెట్టిన మాట. మధ్యలో ఉన్నదంతా ఆ రెండింటినీ కలిపే దారి. మంచి అభిప్రాయ వ్యాసం నిర్మాణం కూడా ఇదే.

ఇదే శాస్త్రం ఇంకో మెలకువ నేర్పింది. సందేహం ఉన్నచోటే వాదం అవసరం. కళ్ళెదుట మంట కనిపిస్తుంటే 'నిప్పుంది' అని ఎవరూ వాదించరు. మన వ్యాసాల్లో మొదటి జబ్బు ఇక్కడే ఉంది. 'విద్య మనిషికి చాలా అవసరం', 'పర్యావరణాన్ని కాపాడుకోవాలి', 'అవినీతి సమాజానికి చీడ'. వీటిని కాదనే మనిషి ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడా? లేనప్పుడు అవి ప్రతిజ్ఞలు కావు, గోడ మీద రాసే సూక్తులు. కాదనేవాడు లేని వాక్యానికి వ్యాసం అక్కరలేదు.

ఒక పంతులుగారి ప్రతిజ్ఞ

బలమైన ప్రతిజ్ఞ ఎలా ఉంటుందో మన చరిత్రలోనే చూద్దాం. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. 1900ల తొలి దశకంలో పాఠశాలల పరిశీలనాధికారిగా వచ్చిన యేట్స్ దొరకు ఒక సందేహం వచ్చింది: పుస్తకాల్లో ఉన్న తెలుగు, జనం నోట వినిపించే తెలుగు ఎందుకు ఇంత వేరుగా ఉన్నాయి? ఆ ప్రశ్న గిడుగు వారిని వదల్లేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆయన చేసిన వాదాన్ని నా మాటల్లో ఒక్క వాక్యంగా కుదిస్తే ఇలా ఉంటుంది:

'బడిలో పిల్లలకు నేర్పే వచనం నేటి శిష్టులు మాట్లాడే భాషలోనే ఉండాలి, ఎందుకంటే ఎవరూ మాట్లాడని భాషలో రాయడం నేర్చుకోవడానికే పిల్లల చదువంతా ఖర్చయిపోతోంది.'

ఈ వాక్యంలో ఎన్ని పనులు జరిగాయో చూడండి. 'వచనం' అన్నారు. పద్యాల జోలికి పోలేదు, పాత కావ్యాలు చదవొద్దనలేదు. 'శిష్టులు' అన్నారు. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాయొచ్చనలేదు. 'బడి' అన్నారు. నష్టం ఎవరికి జరుగుతోందో చూపించారు. 'ఎందుకంటే' అని కారణం చెప్పారు. ఇన్ని హద్దులు గీసుకున్నారు గనుకే, భాషను పాడుచేస్తున్నారన్న నింద వచ్చినప్పుడు ఆ నింద తమ వాదానికి ఎక్కడ తగలదో ఆయన చూపించగలిగారు.

అవతలి పక్షం చిన్నది కాదు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు గ్రాంథికం వైపు నిలబడ్డారు. గిడుగు వారు వాళ్ళ గ్రంథాలనే చేతికి తీసుకుని, గ్రాంథికం రాయాలనే పండితులే ఆ వ్యాకరణం తప్పకుండా రాయలేకపోతున్నారని ఉదాహరణలతో చూపించారు. పండితులకే సాధ్యం కానిది పసిపిల్లలకు ఎలా సాధ్యం? హేతువుకు ఉదాహరణ దొరకడమంటే ఇదే. 1914లో గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం ఈ వాదానికే మరో స్తంభం. 1919 నాటికి కందుకూరి వీరేశలింగం పంతులుగారే వ్యావహారిక భాష కోసం ఏర్పడిన సమాజానికి అధ్యక్షులయ్యారు. ఈ రోజు మనం వార్తాపత్రికలో, పాఠ్యపుస్తకంలో, ఈ పేజీలో చదువుతున్న తెలుగు ఆ ప్రతిజ్ఞ గెలిచిన ఫలితమే. గిడుగు వారు పుట్టిన ఆగస్టు 29ని అందుకే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఒక వాక్యం, ఐదు మెట్లు

ఇప్పుడు మీ వంతు. గిడుగు వారి ప్రశ్నకు దగ్గరి చుట్టమైన విషయాన్నే తీసుకుందాం: ప్రాథమిక విద్య ఏ భాషలో ఉండాలి?

మొదటి మెట్టు: 'ఈ వ్యాసంలో ప్రాథమిక విద్యలో బోధనా భాష గురించి చర్చిస్తాను.' ఇది విషయం పేరు చెప్పడమే. మీరేమంటారో ఇంకా తెలియదు. కానీ ఇక్కడి నుంచే బయలుదేరాలి. విషయాన్ని ప్రశ్నగా మార్చండి. 'బోధనా భాష' అనేది విషయం. 'ఐదో తరగతి దాకా పాఠాలు ఏ భాషలో చెప్పాలి?' అనేది ప్రశ్న. ప్రశ్న ఎంత సూటిగా ఉంటే జవాబు అంత సూటిగా వస్తుంది.

రెండో మెట్టు: 'తెలుగు మీడియమే ఉండాలి.' ఇప్పుడొక పక్షం తీసుకున్నారు. ధైర్యం చేశారు, సంతోషం. కానీ ఇది నినాదం. ఎందుకో లేదు, ఎక్కడి దాకానో లేదు.

మూడో మెట్టు: 'చదవడం నేర్చుకునే వయసులో పాఠం భాష అర్థంకాకపోతే పిల్లలకు అక్షరమూ రాదు, విషయమూ రాదు. కాబట్టి తెలుగు మీడియమే ఉండాలి.' హేతువు వచ్చింది. మాటకు కాళ్ళు వచ్చాయి.

నాలుగో మెట్టు: ఆ హేతువును మీ వాక్యం మీదే ప్రయోగించి చూడండి. పిల్లలకు అర్థమయ్యే భాష కావాలన్నారు కదా. మరి ఉట్నూరు వైపు గోండు పిల్లవాడికి, సీతంపేట వైపు సవర పిల్లకు ఇంట్లో వినిపించేది తెలుగేనా? కాదు. అంటే మీ కారణం నిజమైతే మీ వాక్యంలో 'తెలుగు' అన్న మాట తప్పు. అక్కడ 'ఇంటి భాష' అని ఉండాలి. గిడుగు వారు ఈ సంగతి వందేళ్ళ కిందటే గ్రహించారు. సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. తెలుగు కోసం పోరాడిన మనిషి సవర పిల్లల మీద తెలుగు రుద్దలేదు. హేతువును చివరిదాకా నమ్మినవాళ్ళు చేసే పని అది. ప్రతిజ్ఞలో ఒక్కొక్క మాటనూ ఇలా తూచాలి. 'ఎక్కడి దాకా' అన్నదీ ఇక్కడే తేల్చాలి: ఐదో తరగతి దాకా, ప్రభుత్వ బడుల్లో.

ఐదో మెట్టు: అవతలివాళ్ళ మాట వినాలి. ఇంగ్లిషు మీడియం కోరే తల్లిదండ్రులు తెలివితక్కువవాళ్ళు కారు. కూలి డబ్బులోంచి ఫీజు కట్టి పిల్లల్ని కాన్వెంటుకు పంపే తండ్రికి తన బతుకులో ఏ తలుపు దగ్గర తనను ఆపారో తెలుసు. ఆ భయాన్ని గుర్తించి రాస్తే ప్రతిజ్ఞ ఇలా తయారవుతుంది:

'ఇంగ్లిషు రాకపోతే పిల్లలు ఉద్యోగాల్లో వెనకబడతారన్న తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. అయితే అర్థంకాని భాషలో మొదలైన చదువు ఇంగ్లిషునూ ఇవ్వదు, విషయాన్నీ ఇవ్వదు. కాబట్టి ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి దాకా పాఠాలు పిల్లల ఇంటి భాషలో చెబుతూ, ఇంగ్లిషును ఒకటో తరగతి నుంచే ఒక భాషగా గట్టిగా నేర్పాలి.'

రెండో మెట్టు మీది నినాదాన్ని, దీన్ని పక్కపక్కన పెట్టి చదవండి. నినాదాన్ని కాదనడం తేలిక. దీన్ని కాదనాలంటే అవతలి మనిషి కూర్చుని ఆలోచించాలి.

అవతలి ఒడ్డు నుంచి

మీకు ఈ పక్షం నచ్చకపోవచ్చు. అప్పుడు ఇలా రాయండి: 'పసితనంలో ఇంటి భాషే సులువన్నది నిజమే. అయితే డబ్బున్నవాళ్ళ పిల్లలు ఇంగ్లిషు మీడియానికి వెళ్ళిపోయాక, ప్రభుత్వ బడిని మాత్రం తెలుగులో ఉంచడమంటే పేద పిల్లల్ని వేరే వరసలో నిలబెట్టడమే. కాబట్టి ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిషు మీడియం ఇచ్చి, తెలుగును పదో తరగతి దాకా తప్పనిసరి చేయాలి.'

ఇదీ బలమైన ప్రతిజ్ఞే. బలం పక్షంలో లేదు, వాదాన్ని కట్టిన తీరులో ఉంది. ఒకే సమాచారం రెండు వ్యాసాల్లో రెండు రకాలుగా పనిచేయడం కూడా గమనించండి. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను బోధన వీలైనంత వరకు పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. మొదటి వ్యాసం 'మాతృభాష' అన్న మాటను పట్టుకుంటుంది. రెండోది 'వీలైనంత వరకు' అన్న మాటను పట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను ఇంగ్లిషు మీడియంలోకి మార్చాలని 2019లో ఇచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం మొదలుపెట్టింది. 2020 జాతీయ విద్యావిధానం సాధ్యమైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాష ఉండాలంది. ప్రతిజ్ఞ లేకుండా రాస్తే ఇవన్నీ వరసగా పేర్చిన సంగతులు. ప్రతిజ్ఞ ఉంటే ఒక్కొక్కటీ సాక్షిగా వచ్చి బోనులో నిలబడుతుంది. ఏ సాక్షిని ఎప్పుడు పిలవాలో, ఎవరిని పిలవనక్కరలేదో మీకే తెలుస్తుంది.

తెలుగు వాక్యంలో దాక్కునే చోట్లు

మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అంటే మీ పక్షం తేలేది చివరి మాటలోనే. అవతలివాళ్ళ వాదం, మీ కారణం, హద్దులు అన్నీ ఒకే వాక్యంలో కుక్కితే క్రియ వచ్చేలోపు చదివేవాళ్ళకు మొదలు మరుపున పడుతుంది. అందుకే పైన నేను మూడు చిన్న వాక్యాలు చేశాను: ఒప్పుకున్నది ఒకటి, కారణం ఒకటి, తీర్మానం ఒకటి. ప్రతిజ్ఞ అంటే ఒకే వాక్యం అని పట్టుబట్టకండి. ఒకే మాట ఉంటే చాలు. కారణం ముందు చెప్పి 'కాబట్టి' అనడం తెలుగుకు సహజం. తీర్మానం ముందు చెప్పి 'ఎందుకంటే' అన్నా తప్పులేదు. ఏదో ఒకటి మాత్రం తప్పకుండా ఉండాలి.

క్రియ చివర రావడం వల్ల మనం దాక్కోవడానికీ అక్కడే చోటు దొరుకుతుంది. 'ఉండవచ్చునేమో', 'అనిపిస్తోంది', 'అని చెప్పవచ్చు', 'అని భావించబడుతోంది'. భావించేది ఎవరు? మీరేగా. అయితే 'ఉండాలి' అనండి, 'తప్పు' అనండి, 'చాలదు' అనండి. అలాగని 'ముమ్మాటికీ', 'కచ్చితంగా', 'నిస్సందేహంగా' అంటూ బరువు పెంచినా బలం రాదు. గొంతు పెంచితే హేతువు పెరగదు. 'ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి' అన్న వాక్యాన్ని ఈ రోజే మీ కలంలోంచి తీసేయండి. ఏ చర్య, ఎవరు, ఎప్పటికి అన్న మూడూ చెప్పగలిగితే అది ప్రతిజ్ఞ అవుతుంది.

మాట తప్పితే ఓటమే

న్యాయశాస్త్రం వాదంలో ఓడిపోయే సందర్భాలను 22గా లెక్కకట్టి వాటికి నిగ్రహస్థానాలని పేరు పెట్టింది. అందులో మొట్టమొదటిది ప్రతిజ్ఞాహాని, అంటే మొదట పూనుకున్న మాటను మధ్యలో వదిలేయడం. రెండోది ప్రతిజ్ఞాంతరం, అంటే ఇరుకున పడ్డప్పుడు ఆ మాటను ఇంకో మాటగా మార్చేయడం. వ్యాసాల్లో ఇవి రోజూ జరుగుతాయి. మొదటి పేరాలో ఇంటి భాషన్నవాళ్ళు, నాలుగో పేరాలో ఉపాధ్యాయ నియామకాల మీదికి, ఆరో పేరాలో నైతిక విలువల మీదికి వెళ్ళిపోతారు. చివరికి 'ఏ భాషైనా శ్రద్ధ ముఖ్యం' అని ముగిస్తారు. ఆ చివరి వాక్యంతో ముందున్న పేజీలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

మందు ఒక్కటే. ప్రతి పేరా పూర్తికాగానే ప్రతిజ్ఞను మళ్ళీ చదివి, 'ఈ పేరా దానికి ఏం చేసింది?' అని అడగండి. కారణం ఇచ్చిందా, ఉదాహరణ చూపిందా, అవతలివాళ్ళకు జవాబు చెప్పిందా? ఏదీ చేయకపోతే, ఎంత బాగున్నా ఆ పేరా కొట్టేయండి. రాస్తూ రాస్తూ మీ అభిప్రాయమే మారిపోతే? అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు, నిజంగా ఆలోచించారనడానికి గుర్తు. అయితే మొదటి పేరాకు వెనక్కి వెళ్ళి ప్రతిజ్ఞను మార్చి, వ్యాసాన్ని దానికి సరిచేయండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఇలా ఎన్నిసార్లు జరిగితే అంత మంచిది.

పరీక్ష గదిలో అంత వీలుండదు. సివిల్స్ మెయిన్స్ వ్యాసాల పేపరులో మూడు గంటల్లో రెండు వ్యాసాలు రాయాలి, ఒక్కొక్కటి 1000 నుంచి 1200 మాటలు, మొత్తం 250 మార్కులు. దాన్ని తెలుగులోనూ రాయవచ్చు. ఒక్కో వ్యాసానికి వచ్చే 90 నిమిషాల్లో మొదటి 15 నిమిషాలు ప్రతిజ్ఞకే ఇవ్వండి. చుట్టుపక్కలవాళ్ళ కలాలు కదులుతుంటే కంగారుపడకండి. దారి తెలిసి ఆలస్యంగా బయలుదేరినవాళ్ళే ముందు ఊరు చేరతారు. దొరికిన ప్రతిజ్ఞను మొదటి పేరా చివర పెట్టండి. ముందు రెండు మూడు వాక్యాల్లో సమస్యను పరిచయం చేస్తే, ప్రతిజ్ఞ వచ్చేసరికి చదివేవాళ్ళు దానికోసం ఎదురుచూస్తుంటారు. 'అనాదిగా మానవుడు' అంటూ ఆదిమ గుహల నుంచి మొదలుపెట్టకండి.

ఈ వారం సాధన

కింది రెండు విషయాల మీద చెరో పక్షం నుంచీ ఒక్కో ప్రతిజ్ఞ రాయండి.

ఒకటి, ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం. తెలంగాణలో ఇది 2023 డిసెంబరు 9న మొదలైంది. 'ఉచితం మంచిదా చెడ్డదా' అని అడగకండి. 'టికెట్టు డబ్బు లేకపోవడం వల్ల ఆడవాళ్ళకు అందకుండా పోతున్నది ఏమిటి?' అని గానీ, 'బస్సులు పెంచకుండా టికెట్టు తీసేస్తే ఎవరు నష్టపోతారు?' అని గానీ అడగండి.

రెండు, రైతుకు పెట్టుబడి సాయం. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టా ఉన్నవాళ్ళకు అందింది, కౌలుకు చేసేవాళ్ళకు అందలేదు. సాయం భూమికా, సాగుకా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తేలితే మీ ప్రతిజ్ఞ సగం తయారైనట్టే.

రాసిన ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలతో పరీక్షించండి. దీన్ని కాదనే తెలివైన మనిషి ఉన్నాడా? ఎందుకో చెప్పానా? ఎక్కడి దాకానో చెప్పానా? మూడింటికీ అవునని జవాబు వస్తే, ఆ వాక్యాన్ని మీతో విభేదించే మనిషికి చదివి వినిపించండి. స్నేహితుడైనా సరే, ఇంట్లో నాన్నగారైనా సరే. ఆయన చెప్పిన అభ్యంతరాన్ని శ్రద్ధగా రాసుకోండి. మీ వ్యాసంలో ఒక పేరా అక్కడే దొరికింది.

ఆ అమ్మాయి వారం తర్వాత అదే వ్యాసాన్ని మళ్ళీ రాసి తెచ్చింది. మొదటి పేరా చివర ఒక ప్రతిజ్ఞ ఉంది. అది నా అభిప్రాయానికి పూర్తిగా వ్యతిరేకం. చివరిదాకా ఆపకుండా చదివాను. చదివాక నేనే కాసేపు ఆలోచనలో పడ్డాను. మీ వ్యాసం అవతలి మనిషికి చేయాల్సింది అంతే. కాగితం మీద మొదటి అక్షరం పెట్టేముందు మీరేమంటారో తేల్చుకోండి. తేల్చుకున్న మాట మీద చివరిదాకా నిలబడండి.